మధ్యాహ్నం మూడింటి నీళ్ళు

కాలువల కార్యాలయంలో నోటీసు బోర్డుకు ఆ కాగితం అంటించింది చిన్నమ్ములే. నాలుగు మూలలా నాలుగు పిన్నులు గుచ్చి, ఒక అడుగు వెనక్కి వేసి చదువుకుంది. ఈ ఏడాది ప్రభుత్వ నిధులతో బాగుచేయబోయే కాలువల ముసాయిదా జాబితా అది. మొదటిది తొమ్మిదో కాలువ. రెండోది పదకొండో కాలువ. నిధులు వచ్చింది మాత్రం ఒక్క కాలువకే. అలాంటప్పుడు రెండో పేరు రాయడం దేనికో ఆ పైవాళ్ళకే తెలియాలి, ఊరించడానికి కాకపోతే.

తొమ్మిదో కాలువ చివరి ఇల్లు ఆమె అక్క పెద్దమ్ములుది. పదకొండో కాలువ చివరి ఇల్లు ఆమెది. కడుపులో మంట ఎక్కడ మొదలైందో వేరే చెప్పాలా?

ఆ ఊళ్ళో సముద్రపొడ్డున, ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట, ఇళ్ళ స్థలాల కోసం దువ్వెన పళ్ళలా వరసగా కాలువలు తవ్వారు. ప్రతి ఇంటి వెనకా పడవ కట్టుకోవచ్చునని ఆశపెట్టి అమ్మారు. కాలువకు ఒక చివర సముద్రం, రెండో చివర గోడ. లోపలికి వచ్చిన నీళ్ళకు బయటికి పోయే దారి లేదు. గాలి తోసుకొచ్చిన నాచు ఆ గోడ దగ్గర పోగుపడి, అక్కడే మునిగి, అక్కడే కుళ్ళి, అడుగున మోకాటి లోతు నల్ల బురద అయింది. దాన్ని తోడి పారేసి, గుంటలో ఇసుక నింపి, గోడ కింద నుంచి సముద్రానికి పెద్ద గొట్టం వేస్తే గాని ఆ నీళ్ళు బాగుపడవు. అది నాలుగిళ్ళవాళ్ళు చందాలు వేసుకుని చేసుకునే పని కాదు.

అయినా చిన్నమ్ములు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం మొగుడూ తనూ దువ్వెనలా పళ్ళున్న పొడుగాటి కర్రలతో నాచు లాగి గట్టున ఆరబోస్తున్నారు. ఆమె అరచేతుల్లో కాయలు కాచాయి. అక్కావాళ్ళ కాలువ మీద ఏనాడూ ఎవరూ ఒక పుల్ల కూడా తీసి అవతల వేసింది లేదు. ఇప్పుడు ఊడ్చినవాళ్ళది రెండో స్థానం, ఊడ్వనివాళ్ళది మొదటి స్థానం. ఎంత మురికైతే అంత ముందు. ఇదెక్కడి న్యాయమని బోర్డునే నిలదీయాలనిపించింది ఆమెకు.

నిజానికి ఈ మంట కాలువతో మొదలైంది కాదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గాని, పెద్దమ్ములుకు అడగకుండానే అన్నీ వచ్చేవి. అక్కకు జ్వరం వస్తే ఇంట్లోకి కమలాపళ్ళు వచ్చేవి. తనకు జ్వరం వస్తే "ఎక్కడెక్కడ తిరిగొచ్చావే" అని చీవాట్లు వచ్చేవి. అక్క పరీక్ష తప్పితే "పోనీలే పాపం" అన్నారు. తను ఫస్టు క్లాసులో పాసైతే "నీకేం, నువ్వు గట్టిపిండానివి" అన్నారు. గట్టిపిండం అనిపించుకోవడం ఎంత నష్టమో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఇన్నీ ఆమె మరిచిపోలేదు. మరవడానికి అక్క దూరాన ఉంటే కదా, రెండు వీధుల అవతలే ఉంది.

ఆ సాయంత్రం అక్కే ఫోను చేసింది.

"ఏమే, మా కాలవకేదో వచ్చిందంటున్నారు. నిజమేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎదురింటావిడ. నాకవన్నీ ఏం తెలుసే, నువ్వు చెప్తేనే కదా. బురద తీసేస్తారా? వాసన పోతుందా?"

"ఇంకా ఖాయం కాలేదు. ఇంకో విడత పరీక్షలున్నాయి."

"పరీక్షలు చేసేది నువ్వేగా. ఇంక నాకు బెంగేముంది," అని నవ్వి పెట్టేసింది పెద్దమ్ములు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే చిన్నమ్ములుకు కాస్త హాయిగా ఉండేది.

ఆమె ఉద్యోగం అదే. సరంగు పడవ నడుపుతుంటే కాలువ కాలువకూ వెళ్ళి, మూసిన చివర గోడ దగ్గర ఆగి, తీగకు కట్టిన మీటరు అడుగుదాకా దించి, నీళ్ళలో ప్రాణవాయువు ఎంత ఉందో చూసి ఫారంలో రాయాలి. ఈ పనిలో ఒకే ఒక్క నియమం ముఖ్యం. పొద్దు పొడవక ముందే కొలవాలి. ఎండ తగులుతున్నంతసేపూ నాచు నీళ్ళలోకి ప్రాణవాయువు వదులుతుంది, చీకటి పడితే తను వదిలినదంతా తనే తాగేస్తుంది. అందుకని ఎంత చచ్చిన కాలువైనా మిట్టమధ్యాహ్నం పెళ్ళికూతురిలా కనిపిస్తుంది. దాని అసలు రంగు తెల్లవారుజామున బయటపడుతుంది. ఫారం నెత్తిన "తెల్లవారుజాము విడత" అని ముందే అచ్చువేసి ఉంటుంది. వేళ రాసే గడి లేదు. నీళ్ళు మధ్యాహ్నం కొలిచే మనిషి ఉంటుందని ఆ ఫారం వేసినవాళ్ళకు తోచలేదు.

తుది విడత రోజున పదకొండో కాలువతో మొదలుపెట్టి అన్నీ చీకటి విడవక ముందే కొలిచారు. తొమ్మిదో కాలువ మలుపు రాగానే చిన్నమ్ములు చెయ్యెత్తి పడవ ఆపించింది.

"మీటరు మొరాయిస్తోంది బాబాయ్. ఇంటికెళ్ళి బ్యాటరీలు మార్చి తెస్తా. ఇదొక్కటీ తర్వాత చూద్దాం."

సరంగు మీటరు వంక చూశాడు. అందులో అంకె చక్కగా వెలుగుతోంది. "తర్వాతంటే రేపు తెల్లారా అమ్మా?"

"రేపెందుకు, ఇవాళే. మూడింటికి రా."

"మూడింటికా?" అన్నాడాయన. పాతికేళ్ళుగా ఆ నీళ్ళ మీద బతుకుతున్న మనిషి. తాడు చుట్టుకుంటూ, "నాకు చదువు లేదు గాని, ఈ నీళ్ళకి పొద్దునొక మొహం, మధ్యాహ్నమొక మొహం అని తెలుసు," అన్నాడు. చిన్నమ్ములు వినిపించుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికి తొమ్మిదో కాలువ పచ్చగా, నిండుగా, ఏ పాపమూ ఎరగనట్టు మెరుస్తోంది. మీటరు ఆరు దాటింది, అంటే ఏ జీవికైనా హాయిగా బతకదగ్గ నీళ్ళు. చిన్నమ్ములు ఆరున్నర అని రాసి సంతకం పెట్టింది. చూసింది చూసినట్టే రాశాను, ఒక్క అక్షరం అబద్ధం లేదు అని తనకు తను చెప్పుకుంది. అలా చెప్పుకోవలసి వచ్చిందంటేనే సగం సంగతి అర్థమైపోవాలి.

వారం తిరిగేసరికి తుది జాబితా వచ్చింది. పదకొండో కాలువ మొదటిది. తొమ్మిదోది అయిదు మెట్లు దిగి ఆరో చోట పడింది. ఆ రోజు చిన్నమ్ములుకు నేల మీద కాళ్ళు నిలవలేదు. తన వీధివాళ్ళు ఇంటికొచ్చి మరీ చేతులు పట్టుకున్నారు. ఆరేళ్ళ చాకిరీకి ఫలితం దక్కిందన్నారు. రాత్రి భోజనాల దగ్గర మొగుడు, "పాపం మీ అక్క ఏమనుకుంటుందో," అన్నాడు. "ఆవిడకేం, పోనీలే అనుకుంటుంది," అందామె, అన్నం కలుపుకుంటూ.

ఆ సంబరం సరిగ్గా ఒక్క రోజు నిలిచింది.

మర్నాడు ఇంజనీరు ఆమె బల్ల దగ్గరికి ఫారాలు పట్టుకుని వచ్చాడు. ఆయన కొత్తవాడు, ఉత్సాహం ఎక్కువ. "చూశారామ్మా, తొమ్మిదో కాలువ? పోయినసారి ఒకటి కూడా లేదు. ఇప్పుడు ఆరున్నర. నయాపైసా ఖర్చు లేకుండా ఇంత బాగుపడ్డ కాలువను నేను చూడలేదు. అక్కడివాళ్ళు ఏదో చేసుంటారు. అదేమిటో తెలుసుకుంటే మిగతా కాలువలన్నిటికీ పనికొస్తుంది. మీ అక్కగారు అక్కడే ఉంటారట కదా?"

చిన్నమ్ములు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి పెద్దమ్ములును అడిగాడు. "మేమేం చెయ్యలేదండీ," అంది ఆవిడ, ఉన్నమాటే. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. వారంలోగా కార్యాలయం గోడ మీద పెద్ద ఫోటో వెలిసింది. కాలువ గట్టున పెద్దమ్ములు కొంగు సవరించుకుంటూ సిగ్గుపడుతూ నవ్వుతోంది. కింద అక్షరాలు: "నిధులు లేకుండానే బాగుపడిన కాలువ. ఈ ఇల్లాలిని చూసి నేర్చుకుందాం." దానికి పిన్నులు గుచ్చే పని కూడా చిన్నమ్ములుకే పడింది.

ఆరేళ్ళు నాచు లాగింది తను. ఫోటో అక్కది. నిధులు లాక్కుంటే పేరు వచ్చి అక్క ఒళ్ళో పడింది. అంతా తన చేత్తోనే చేసి పెట్టింది, ఎవరి మీద అరుస్తుంది? రోజుకు పదిసార్లు ఆ గోడ ముందు నుంచి నడవాలి. పదిసార్లూ ఒళ్ళు మండేది. నవ్వే ఆ మొహానికి మీసాలు గియ్యాలన్న కోరిక నలభై ఆరేళ్ళ మనిషికి ఎంత బలంగా కలిగిందో చెబితే నమ్మరు.

ఆ శుక్రవారం అక్క వీళ్ళింటికి వచ్చింది. వంటింటి గట్టు మీద చేయి ఆనించి, "మీ బావ ఒక మంచి ఆలోచన చేశారే," అంది.

బావకు పీతల పని. లేత పీతలను చిల్లుల పెట్టెల్లో వేసి, మేత వేసి, కండపట్టాక అమ్ముతాడు. ఆ పెట్టెలు ఇన్నాళ్ళూ రేవు బయట, అలల పోటులో, ఇంకొకరి చోట అద్దెకు ఉంచుతున్నాడు. ఇల్లు గడిచేది వాటి మీదే.

"మన ఇంటెనక నీళ్ళే బాగుపడ్డాయి కదా, ఇంక రేవుదాకా తిరగడమెందుకు అంటున్నారు. పన్నెండు పెట్టెలూ రేపు సాయంత్రం తెచ్చి మా మెట్ల దగ్గర దించేస్తాం."

చిన్నమ్ములు కడుగుతున్న గిన్నె తొట్టిలోనే వదిలేసి అక్క వైపు తిరిగింది. పొద్దు పొడిచే ముందు ఆ గోడ దగ్గర నీళ్ళలో ప్రాణవాయువు ఉండదు. మూత వేసిన పెట్టెల్లో పీతలు ఎక్కడికీ పోలేవు. అన్నీ ఒక్క రాత్రిలో చస్తాయి.

"తొందరేముందక్కా. కొన్నాళ్ళు చూడండి."

"ఇంకా చూసేదేముందే? నువ్వే కొలిచావుగా. వేరే ఎవరైనా చెప్తే మీ బావ నమ్మేవారు కాదు. మరదలు రాసింది, ఇంక తిరుగులేదన్నారు."

"అది కాదు. నీళ్ళు ఇవాళున్నట్టు రేపుండవు."

పెద్దమ్ములు నవ్వి చెల్లెలి బుగ్గ గిల్లింది. "మా కాలవ బాగుపడితే నీకు కుళ్ళేమిటే?"

వేళాకోళానికి అన్న మాట. అక్కలు అనే మాట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చిన్నమ్ములు మొహం ఎర్రబడింది. నిజం అప్పటికి నాలుక చివరిదాకా వచ్చి ఉంది. ఆ ఒక్క మాటతో వెనక్కి పోయింది. "నాకెందుకు కుళ్ళు? పెట్టుకోండి. మీ ఇష్టం," అంది.

పెట్టుకున్నారు.

శనివారం రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. నాలుగున్నరకు లేచి, మీటరు సంచీ భుజాన వేసుకుని, మొగుణ్ణి లేపకుండా బయటపడింది. రెండు వీధులు దాటితే అక్క ఇల్లు. పక్కగా ఉన్న ఇరుకు సందులోంచి వెనక్కి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని మీటరు దించింది. ఒకటి కూడా లేదు. అందులో సగం కూడా లేదు. దీపం వేసి చూస్తే, దగ్గరి పెట్టెలో పీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి మూతకు అతుక్కుని ఉన్నాయి. కింద ఉన్నవి కదలడం లేదు.

అప్పటికి కూడా సందులోంచి వచ్చిన దారినే వెళ్ళిపోవచ్చు. ఎవరూ చూడలేదు. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధమవుతుంది. వచ్చింది, ఒక నిమిషం పాటు ఉంది కూడా. తర్వాత ఆమె లేచి వంటింటి తలుపు రెండు చేతులతో బాదింది.

అక్కా, బావా, తనూ ముగ్గురూ కలిసి పెట్టెలు లాగారు. తడి గోనెసంచులు పరిచి, వాటి మీద పీతలను పోసి, మళ్ళీ తడి సంచులు కప్పారు. తడిగా ఉంటే పీత గాలిలోనైనా బతుకుతుంది, ఆ చచ్చిన నీళ్ళలో బతకదు. పన్నెండు పెట్టెల్లో అయిదింటిలోవి దక్కాయి. మిగతా ఏడూ బావ ఒకదాని పక్కన ఒకటి పేర్చి, వాటి వంక చూడకుండా నిలబడ్డాడు.

"రాత్రికి రాత్రి ఏమైందే ఈ నీళ్ళకి?" అంది పెద్దమ్ములు, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ.

"రాత్రికి రాత్రి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఇంతే."

"మరి నువ్వు కొలిచినప్పుడో?"

"మధ్యాహ్నం మూడింటికి కొలిచాను."

బావకు వెంటనే అర్థమైంది. చేతిలో ఉన్న సంచీ కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దమ్ములుకు కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక మెట్టు మీద కూర్చుంది. ఇప్పుడు తిడుతుంది, చెయ్యి చేసుకుంటుంది అనుకుంది చిన్నమ్ములు. తిడితే బాగుండునని కోరుకుంది.

"ఈ మాట ఎక్కడా అనకు," అంది పెద్దమ్ములు చివరికి. "ఉద్యోగం పోతుంది. పెదవి దాటితే ఊరంతా పాకుతుంది. నేను చూసుకుంటా, నువ్వు ఇంటికెళ్ళు. ప్రభుత్వం డబ్బు మీ కాలవకే రానీ. మాకు ఎలాగోలా జరుగుతుంది."

చిన్నమ్ములు ఇంటికి నడుస్తుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు. చూసినవాళ్ళు పశ్చాత్తాపం అనుకునేవాళ్ళు. అది ఉంది, లేకపోలేదు. కాని దాని అడుగున పాత మంటే ఇంకా మండుతోంది. క్షమించడంలో కూడా అక్కే ముందా? ఏడు పెట్టెల పీతలు పోయాక కూడా ఆవిడ మంచిది, ఈమె చెడ్డది. ఇంక బతికినన్నాళ్ళూ ఆ దయ కింద తలవంచుకుని తిరగాలి. అది మాత్రం తన వల్ల కాదనుకుంది.

సోమవారం పది గంటలకు ఆమె ఇంజనీరు గది తలుపు నెట్టేసరికి, ఎదురు కుర్చీలో పెద్దమ్ములు కూర్చుని ఉంది.

"... మేమే పీతలకు మేత అతిగా వేశామండీ. అది కుళ్ళి నీళ్ళు పాడయ్యాయి. ఆ ఫోటో తీసెయ్యండి. మా చెల్లెలు కొలిచింది సరిగ్గానే కొలిచింది," అంటోంది ఆవిడ. చెప్పడం చేతకాక మాటకోసారి ఆగి తర్వాతి మాట వెతుక్కుంటోంది. జన్మలో ఆడిన అబద్ధాలు అయిదు కూడా లేని మనిషి.

"ఆవిడ చెప్పేది నిజం కాదండీ," అంది చిన్నమ్ములు. "తొమ్మిదో కాలువ మధ్యాహ్నం మూడింటికి కొలిచి, తెల్లవారుజాము ఫారంలో రాశాను. నిన్న పొద్దు పొడవక ముందు మళ్ళీ కొలిచాను. అర కూడా లేదు. ఇదిగో, ఆ అంకె."

"నువ్వుండవే," అంది అక్క.

"నువ్వుండక్కా."

ఇంజనీరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. తెల్లకాగితం ఒకటి ముందుకు లాక్కున్నాడు. "ఇది రాస్తే రేపటి నుంచి మీరు పడవ ఎక్కరు. జాబితా మారుతుంది. నిధులు తొమ్మిదో కాలువకు పోతాయి. మీ వీధివాళ్ళు మిమ్మల్ని ఊరుకోరు. తెలుసు కదా?"

"తెలుసు."

ఆయనకూ జాలి వేసినట్టుంది. "పోనీ, పొరపాటున వేళ దాటిందని రాస్తాను. హెచ్చరికతో పోతుంది," అన్నాడు.

"పొరపాటు కాదండీ. మా అక్కంటే అసూయతో చేశాను. అలాగే రాయండి."

అంత పెద్ద గదిలో ఆ మాట చాలా మామూలుగా వినిపించింది. ఇంజనీరు అలాగే రాశాడు. ఆమె చదివి సంతకం పెట్టింది.

బయట వరండాలో పెద్దమ్ములు చెల్లెలి వెనకే నడిచి, మెట్ల దగ్గర భుజం పట్టుకుని ఆపింది. ఆవిడ మొహంలో కోపం లేదు, దయ కూడా లేదు. ఏదో తెలియని లెక్క ముందు పెట్టినట్టు ఉంది.

"అసూయేమిటే? నా మీదా?" అంది. "నా దగ్గర ఏముందని?"

చిన్నమ్ములు జవాబు చెప్పబోయింది. జ్వరాలు, కమలాపళ్ళు, పోనీలే పాపాలు, నలభై ఏళ్ళుగా ఒక్కటి కూడా జారిపోకుండా దాచుకున్న చిట్టా ఉంది ఆమె దగ్గర. ఎక్కడ మొదలుపెట్టాలా అని చూసింది. ఎదురుగా రెండు రోజుల నుంచి తల కూడా దువ్వుకోని మనిషి, పీతలు గీరిన చేతులతో, నిజంగానే తెలియక అడుగుతోంది. ఇన్నేళ్ళూ ఈ పందెంలో తను ఒక్కతే పరుగెత్తిందని, పక్కన ఎవరూ లేరని, చిన్నమ్ములుకు అప్పుడు తెలిసింది.

"చెప్పవే," అంది అక్క.